పిండిపదార్థము తగ్గించినపుడు రక్తములోని చక్కెర

కృష్ణానది సముద్రమును చేరుటకు ముందు, రేపల్లెకు సమీపమున, కుడిగట్టుమీద పెనుమూడి అను గ్రామమున్నది. ఎదుటిగట్టున పులిగడ్డ. ఒకప్పుడు జనులు పడవలమీద దాటిన ఈ రేవును ఇప్పుడు పొడవైన వారధి కలుపుచున్నది. కరకట్టకు ఇవతల కనుచూపుమేర వరిపొలములు. 1855లో విజయవాడవద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ డెల్టాకు వరియే ప్రధానమైన పంట, అన్నమే ప్రధానమైన ఆహారము. ఇక్కడ భోజనమన్నను, అన్నమన్నను ఒకటే.

ఇట్టి సీమలో అన్నము మానుట సామాన్యమైన మార్పు కాదు. అయినను గత కొన్ని సంవత్సరములుగా చాలమంది మానుచున్నారు. 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన ఆహారపద్ధతి తెలుగుజిల్లాలలో విస్తృతముగా వ్యాపించినది. అన్నము, రొట్టె, పంచదార, పండ్లు విడిచి, కొబ్బరినూనె, నెయ్యి వంటి క్రొవ్వుపదార్థములతోను, నిమ్మరసముతోను, మాంసము, గ్రుడ్లు, కూరగాయలతోను గడుపుట అందలి ముఖ్యాంశము. దానిని మెచ్చినవారును కలరు, ఆక్షేపించిన వైద్యులును కలరు. ఆ వాదము ఎట్లున్నను, పిండిపదార్థములను బాగుగా తగ్గించినపుడు మధుమేహరోగుల రక్తములో చక్కెర తగ్గుననుట నిజము. అయితే తగ్గుట వేరు, పడిపోవుట వేరు. ఈ రెంటికి నడుమనున్న భేదమును తెలియక కొందరు ప్రాణాపాయమునకు లోనగుచున్నారు.

ఒక సందర్భము

పెనుమూడి వంటి ఊరిలో ఏబదియైదేండ్ల రైతు ఒకరు ఉన్నారని ఊహించుకొందము. ఆయనకు పదేండ్లుగా మధుమేహము. ప్రతిదినము ఉదయము వైద్యుడు వ్రాసిన మాత్ర వేసికొనును. ఒకనాడు ఎవరో చెప్పగా విని అన్నము మానివేసెను. మాత్ర మాత్రము మానలేదు. అది వైద్యుడు ఇచ్చినది గదా! మూడవనాడు ఉదయము మాత్ర వేసికొని, రెండు ఉడికిన గ్రుడ్లు తిని, మినుము పీకించుటకు పొలమునకు వెళ్లెను. పదకొండు గంటల వేళకు చేతులు వణకినవి. చొక్కా చెమటతో తడిసిపోయినది. కూలీలకు ఇవ్వవలసిన డబ్బు లెక్కించుచు మాటిమాటికి తప్పిపోయెను. అకారణముగా కసరుకొనెను. ఎండదెబ్బ కాబోలునని తోడివారు నీడకు చేర్చి మంచినీరు ఇచ్చిరి. ఒక కుఱ్ఱవాడు పంచదార కలిపిన నీరు తెచ్చెను. “పంచదార నాకు పడదురా అబ్బాయి, అన్నమే మానినాను” అని ఆయన చేయి త్రోసివేసెను.

ఈ ఒక్క మాటలోనే ఆపద అంతయు ఉన్నది. ఆయన తిరస్కరించినది ఆహారము కాదు, ఔషధము. అది ఎట్లో తెలియుటకు శరీరము చక్కెరను వాడు విధమును కొంత తెలిసికొనవలెను.

ఒక చెంచాడు చక్కెర

మనము తిను అన్నములోని పిండిపదార్థము జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. ఒక పూటకు 150 గ్రాముల బియ్యము వండి తినినచో అందు సుమారు 115 గ్రాముల పిండిపదార్థము ఉండును. ఇంత చక్కెర ఒక్కమారు రక్తములో నిలిచియుండదు. పెద్దవారి శరీరములో రక్తము సుమారు 5 లీటర్లు. ఆరోగ్యవంతుని రక్తములో, ఆహారము తీసికొనకముందు, ప్రతి 100 మిల్లీలీటర్లకు 70 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉండును. లెక్కించి చూచినచో మొత్తము రక్తములోని గ్లూకోజు 5 గ్రాములకు మించదు. అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే!

ఈ చెంచాడు చక్కెరకు ముఖ్యమైన గ్రాహకి మెదడు. మెదడు దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును, అనగా గంటకు 5 గ్రాములను వినియోగించును. రక్తమునకు మరి యెక్కడినుండియు చక్కెర రాకపోయినచో, ఉన్నది మెదడు ఒక్కదానికే గంటసేపటికి సరిపోవును. అయినను మనము రాత్రి భోజనముచేసి పరుండి తెల్లవారువరకు సుఖముగా నిద్రించుచున్నాము. ఇది ఎట్లు సాధ్యము?

కాలేయమను కొట్టు

ఈ ప్రశ్నకు సమాధానమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కనుగొనెను. కాలేయములో పిండివంటి పదార్థమొకటి నిలువయుండునని, అవసరమైనపుడు అది చక్కెరగా మారి రక్తములో కలియునని ఆయన తెలిపెను. 1857లో ఆ పదార్థమును వేరుచేసి దానికి గ్లైకోజన్ అని పేరిడెను. బాగుగా భుజించినవాని కాలేయములో సుమారు 100 గ్రాముల గ్లైకోజన్ ఉండును. కండరములలో దీనికి నాలుగింతలు ఉండవచ్చును. కాని కండరములలోని నిలువ ఆ కండరములకే ఉపయోగపడును. దానిని తిరిగి గ్లూకోజుగా రక్తములోనికి విడుచుటకు కావలసిన ఎంజైము కండరములలో లేదు. కావున రక్తమునకు కొట్టు కాలేయమే.

ఈ కొట్టుకు రెండు తాళపుచెవులు కలవు. రెండును క్లోమగ్రంథినుండి వచ్చు స్రావములే. మొదటిది ఇన్సులిన్. భోజనానంతరము అధికముగా స్రవించి, చక్కెరను కండరములలోనికి, క్రొవ్వులోనికి పంపుచు, కాలేయపు కొట్టు తలుపును మూయును. రెండవది గ్లూకగాన్. ఉపవాససమయమున కొట్టు తలుపు తెరచి చక్కెరను రక్తములోనికి పంపించును. చక్కెర మరీ తగ్గినపుడు అడ్రినలిన్ కూడ తోడ్పడును. ఈ అడ్రినలిన్ వలననే చెమట, వణకు, గుండెదడ కలుగుచున్నవి. ఇవి శరీరము మ్రోగించు ప్రమాదఘంటలు.

ఇంధనము మారుట

పిండిపదార్థములు తగ్గించినవారి కొట్టులో నిలువ తక్కువ. ఒకటి రెండు దినములలో గ్లైకోజన్ చాలవరకు తరిగిపోవును. అపుడు శరీరము రెండు ఉపాయములు పన్నును. మొదటిది, కాలేయము క్రొత్తగా చక్కెరను తయారుచేయుట. మాంసకృత్తుల నుండి వచ్చు ఆమ్లములు, క్రొవ్వునుండి వచ్చు గ్లిసరిన్, కండరములనుండి వచ్చు లాక్టిక్ ఆమ్లము దీనికి ముడిసరకులు. రెండవది, క్రొవ్వును విడగొట్టి కీటోనులు అను పదార్థములను తయారుచేయుట. దీర్ఘకాల ఉపవాసములో మెదడు కూడ తన అవసరములో పెద్దభాగమును కీటోనులతో తీర్చుకొనగలదని 1967లో జార్జి కాహిల్ బృందము అమెరికాలో నిరూపించెను.

ఇంధనము అన్నమైనను, నెయ్యియైనను, కణములో అది తుదకు ఏ.టీ.పీ. అను ఒకే నాణెముగా మారి చెల్లుబాటగును. ఈ పదార్థమును 1929లో ప్రకటించినవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి దీనిని కనుగొనెను. అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ విడిగా కనుగొనెను.

కావున ఆరోగ్యవంతుడు అన్నము తగ్గించినంతమాత్రమున అతని రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోదు. చక్కెర తగ్గగానే అతని క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను తగ్గించును, కొట్టు తలుపు తెరచుకొనును, కీటోనులు తయారగును. మరి ఆ రైతుకు ఆపద యేల కలిగినది?

ప్రమాదము ఎక్కడ నున్నది?

మధుమేహమునకు ఇన్సులిన్ చికిత్స 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరమున లియొనార్డ్ థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునితో ప్రారంభమైనది. అంతకు పూర్వము వైద్యుల చేతిలో నున్నది ముఖ్యముగా ఆహారనియమమే. చక్కెర పడిపోవుట అను ఆపద వైద్యుల నిత్యానుభవములోనికి వచ్చినది ఇన్సులిన్ వచ్చిన పిదపనే. 1942లో ఫ్రాన్సులోని మాంపెల్యే నగరమున టైఫాయిడు రోగులకు క్రొత్త సల్ఫా మందు ఒకటి ఇచ్చినపుడు, కొందరిలో చక్కెర విపరీతముగా పడిపోవుట మార్సెల్ జాన్‌బాన్ గమనించెను. ఆ మందు క్లోమగ్రంథిచే ఇన్సులిన్‌ను స్రవింపజేయుచున్నదని ఆగస్టు లుబాటియేర్ కనుగొనెను. సల్ఫొనైల్‌యూరియా మాత్రల వంశమునకు అదియే మూలము. నేడు మనదేశములో విరివిగా వాడు గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఈ వంశములోనివే.

ఈ మాత్రలు క్లోమగ్రంథిని బలవంతముగా పనిచేయించును. చక్కెర ఎక్కువగా ఉన్నను, తక్కువగా ఉన్నను ఇన్సులిన్ వచ్చుచునే ఉండును. సూదితో ఎక్కించుకొన్న ఇన్సులిన్ కూడ అంతే. ఒకసారి లోనికి పోయిన పిదప దానిని ఆపువారు లేరు. అన్నము తినువాని కొఱకు నిర్ణయించిన మోతాదు, అన్నము మానినవానికి అధికమగును. అంతేకాదు. ఇన్సులిన్ అధికముగా ఉన్నంతసేపు కాలేయపు కొట్టు మూసియే ఉండును, కీటోనుల తయారియు సాగదు. అన్నము లేదు, కొట్టునుండి చక్కెర రాదు, ప్రత్యామ్నాయ ఇంధనమును లేదు. మూడు దారులును ఒక్కసారి మూసికొనిపోవును. ఆ రైతు శరీరములో జరిగినది ఇదియే. పొలములోని శ్రమ మిగిలిన కొద్ది చక్కెరను త్వరగా వ్యయముచేసినది.

అన్ని మాత్రలును ఇట్టివి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి చక్కెర పడిపోవుట అరుదు. సిటాగ్లిప్టిన్ వంటి గ్లిప్టిన్ జాతి మాత్రలును సాధారణముగా అంతే. కాని గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండును కలిపి ఒకే మాత్రగా చేసినవి అంగళ్లలో విరివిగా ఉన్నవి. కావున మాత్ర రంగునుబట్టి, సైజునుబట్టి నిశ్చయించుకొనరాదు. అట్టమీద వ్రాసిన మందుల పేర్లన్నిటిని చదువవలెను, చదువరానిచో చదివించుకొనవలెను.

ఇంకొక జాతి మాత్రలు కలవు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలైనవి చక్కెరను మూత్రమార్గమున బయటకు పంపును. వీనిని వాడుచు పిండిపదార్థములను బొత్తిగా మానినచో, చక్కెర అంత ఎక్కువగా లేకపోయినను రక్తములో కీటోనులు మితిమీరి ఆమ్లము పెరుగవచ్చును. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము దీని గుర్తులు. ఇది ఆసుపత్రిలోనే చికిత్స చేయవలసిన ఆపద.

గుర్తులు

రక్తములో చక్కెర 100 మిల్లీలీటర్లకు 70 మిల్లీగ్రాములకన్న తగ్గినచో జాగ్రత్తపడవలెను. 54 కన్న తగ్గినచో అది నిజమైన ఆపద. మొదట అడ్రినలిన్ ఘంటలు మ్రోగును: చెమట, వణకు, గుండెదడ, ఆకలి, పెదవుల తిమ్మిరి. పిదప మెదడు ఇంధనము చాలక చేయు తప్పులు బయటపడును: చూపు మసక, మాట తడబాటు, లెక్క తప్పుట, చిరాకు, మగత, కడపట మూర్ఛ. ఇట్టివానిని చూచి త్రాగియున్నాడని భ్రమపడిన సందర్భములు ఉండును. తన స్థితి తనకే తెలియకపోవుట ఇందలి విశేషము. ఆ రైతు పంచదార నీటిని త్రోసివేయుట కొంత ఈ మతిభ్రమవలన కూడ కావచ్చును. కావున ఇంటివారు, తోడివారు కూడ ఈ గుర్తులు తెలిసియుండవలెను.

రక్తపుపోటుకు అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు వాడువారిలో గుండెదడ, వణకు కనబడకపోవచ్చును. చెమట మాత్రము పట్టును. ఎండ లేనిచోట చల్లని చెమట పట్టినచో సందేహింపవలెను.

వెంటనే చేయవలసినది

రోగి తెలివితోనుండి మ్రింగగలిగినచో 15 గ్రాముల చక్కెర ఇవ్వవలెను. మూడు నాలుగు చెంచాల పంచదారనో, గ్లూకోజు పొడినో నీటిలో కలిపి త్రాగించవలెను. ఒక పెద్ద చెంచాడు తేనెయైనను సరియే. పదునైదు నిమిషములు ఆగి పరీక్షించవలెను. ఇంకను 70 కి తక్కువగా ఉన్నచో మరల అంతే ఇవ్వవలెను. పరీక్షసాధనము లేనపుడు దానికై వేచియుండరాదు. గుర్తులు కనబడగానే ఇవ్వవలెను. అనవసరముగా ఇచ్చిన మూడు చెంచాల పంచదారవలన కలుగు నష్టము స్వల్పము. అవసరమైనపుడు ఇవ్వకపోవుటవలన కలుగు నష్టము ప్రాణాంతకము కావచ్చును.

ఆహారనియమములో ఉన్నవారు ఇక్కడనే పొరపడుచుందురు. నియమము చెడునని భయపడి గ్రుడ్డో, వేరుసెనగ పప్పో, నేతిచెంచాయో ఇత్తురు. వీనినుండి చక్కెర తగినంత త్వరగా రాదు. నేతిమిఠాయిలోని చక్కెరను కూడ క్రొవ్వు ఆలస్యము చేయును. శాకరిన్ వంటి కృత్రిమపు తీపి నాలుకకే తీపి, రక్తమునకు కాదు. నియమమునందలి ఉప్పు నిమ్మరసమును పనికిరాదు. అందు పంచదార ఉండవలెను. అకార్బోస్, వోగ్లిబోస్ మాత్రలు వాడువారిలో మాత్రము పంచదార త్వరగా విడిపడదు. వారికి గ్లూకోజు పొడియే ఇవ్వవలెను.

రోగి స్పృహలో లేనిచో నోటిలో ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు ఒత్తిగిలజేసి 108 కి ఫోను చేయవలెను. ఆసుపత్రిలో నరములోనికి గ్లూకోజు ఎక్కింతురు. గ్లూకగాన్ సూదిమందు కాలేయములోని నిలువను బయటకు తీయును గాని, నిలువయే తరిగియున్నవారిలో అది అంతగా పనిచేయకపోవచ్చును.

తేరుకొన్న పిదప పని తీరినదని భావించరాదు. సల్ఫొనైల్‌యూరియా మాత్రల ప్రభావము చాల గంటలు నిలుచును. వృద్ధులలోను, మూత్రపిండముల వ్యాధి గలవారిలోను ఒక దినమునకు మించియు ఉండవచ్చును. ఒకసారి లేచి కూర్చున్నవాడు మరల పడిపోవచ్చును. కావున ఆ పూట కొంత అన్నమో, ఇడ్లీయో తినిపించి, వైద్యునికి చూపించవలెను. పూర్తిగా తేరుకొనువరకు వాహనము నడపరాదు. పొడవైన వారధిమీద మోటారుసైకిలు నడపువానికి మూర్ఛ వచ్చినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

చక్కెర తగ్గని నీరసము

అన్నము మానిన మొదటి వారములో కలుగు ప్రతి నీరసమును చక్కెర పడిపోవుటయే కాదు. పిండిపదార్థములు తగ్గినపుడు ఇన్సులిన్ తగ్గును. అపుడు మూత్రపిండములు ఉప్పును, నీటిని ఎక్కువగా విసర్జించును. దానివలన లేచి నిలువగానే కన్నులు చీకట్లు క్రమ్ముట, తలనొప్పి, పిక్కలు పట్టుట కలుగును. దీనికి కావలసినవి నీరు, తగినంత ఉప్పు. రక్తపుపోటు మాత్రలు వాడువారు ఇందుకును వైద్యుని సంప్రదించవలెను.

మరికొందరిలో చక్కెర చాలకాలము 250, 300 వద్ద నిలిచియుండి 110 కి దిగగానే వణకు, చెమట పుట్టును. శరీరము ఎక్కువకు అలవాటుపడుటయే కారణము. కొన్ని వారములలో ఇది సర్దుకొనును. ఈ మూటిని గుర్తులనుబట్టి వేరుచేయుట కష్టము; వ్రేలినుండి ఒక బొట్టు రక్తము తీసి పరీక్షించుటయే మార్గము. పరీక్షకు ముందు చేయి కడుగుకొనవలెను. మామిడిపండో, బెల్లమో తాకిన వ్రేలు లేని చక్కెరను చూపించును.

ముందుజాగ్రత్త

ఆహారము మార్చదలచినవారు మార్చిన పిదప కాక, మార్చకముందే వైద్యుని కలియవలెను. సల్ఫొనైల్‌యూరియా మాత్రలను, భోజనముతో తీసికొను ఇన్సులిన్‌ను ఆహారము మార్చిన నాటినుండియే తగ్గించుటయో, మాన్పించుటయో వైద్యులు నిర్ణయింతురు. ఎంత తగ్గించవలెనన్నది రోగికొకతీరు. పొరుగువాని లెక్క పనికిరాదు. చిన్నతనమున వచ్చు మొదటిరకపు మధుమేహము గలవారు ఇన్సులిన్‌ను ఎన్నడును పూర్తిగా మానరాదు. వారి శరీరమున అది తయారు కాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండముల వ్యాధి గలవారు స్వయముగా ఇట్టి నియమములు ప్రారంభింపరాదు.

మొదటి వారములలో ఉదయము, భోజనమునకు ముందు, పరుండుటకు ముందు పరీక్షించి కాగితముమీద వ్రాసికొనవలెను. అన్నమును ఒక్కనాటిలో మానుటకన్న క్రమముగా తగ్గించుట మందులు సరిచేయుటకు అవకాశమిచ్చును. ఉత్త కడుపుతో మద్యము త్రాగుట మిక్కిలి ప్రమాదకరము. మద్యమును విరుచు పనిలోనున్న కాలేయము క్రొత్త చక్కెరను తయారుచేయజాలదు. నిలువ లేని కొట్టుగలవానికి అదియొక్కటే ఆధారము.

అన్నము తినుటయా, మానుటయా అన్నది ఒక ప్రశ్న. మాత్ర మోతాదు ఎంత అన్నది మరియొక ప్రశ్న. వీనిని విడదీసి చూచుటయే ఆపదకు మూలము. పళ్లెములోనిది మారినపుడు మాత్రయు మారవలెను. పొలమునకు పోవు రైతు రొంటిలో చుట్టల కట్టతోపాటు చిన్న గ్లూకోజు పొట్లము కూడ ఉండవలెను. దానిని వాడినంతమాత్రమున ఆయన నియమము చెడదు. మరునాడు ఆ నియమమును పాటించుటకు ఆయన బ్రతికియుండును.